జార్జియా ఓటరు లెక్కలో మన వీసా లేదు

2024 నవంబరు 6, బుధవారం పొద్దున. అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో టీ తాగుతున్న కుర్రాళ్ల ఫోన్లలో ఒకటే బొమ్మ: ఎరుపు, నీలం రంగులు పూసిన అమెరికా పటం. హెచ్చెల్సీకి ఈ ఏడాది ఎన్ని టీఎంసీలు వదులుతారో చెప్పలేనివాళ్లు కూడా పెన్సిల్వేనియాకు 19 ఎలక్టోరల్ ఓట్లని టకటకా చెప్పేశారు. ట్రంప్ వస్తే వీసాలు బిగుస్తాయని ఒకరు. ‘ఏం కాదులే బ్రో, ఆయన బిజినెస్ మనిషి, మన ఐటీవాళ్లు లేకుంటే వాళ్ల కంపెనీలు నడవవు’ అని ఇంకొకరు. కమలా హ్యారిస్ గెలిచుంటే బాగుండేదని మూడో మాట. సాయంత్రానికి లెక్క తేలిపోయింది. చివరికి ట్రంప్‌కు 312, హ్యారిస్‌కు 226.

ఓటు లేని ఊరి ఎన్నికలు మీకెందుకురా అని పెద్దవాళ్లు కసురుకుంటారు. నేను ఆ మాట అనను. ఇంట్లో ఎకరాలమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో ముప్పై నలభై లక్షల అప్పు తెచ్చి ఎంఎస్‌కు పంపే జిల్లాలో, ఆ అప్పు తీరేది లేనిది వైట్‌హౌస్‌లో పెట్టే ఒక సంతకం మీద ఆధారపడినప్పుడు, దాని గురించి మాట్లాడకుంటేనే తప్పు. నా ఫిర్యాదు వేరే ఉంది. మీ వాదనల్లో అభ్యర్థులుంటారు, కంపెనీలుంటాయి, మనం ఉంటాం. అక్కడ వరుసలో నిలబడి ఓటేసే మనిషి మాత్రం కనబడడు. ఆ మనిషి ఎవరు, ఏం అడుగుతున్నాడు, దేనికి భయపడుతున్నాడు అని తెలియకుండా ‘ట్రంప్ ఏం చేస్తాడు’ అన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

ఆ మనిషిని చూడ్డానికి న్యూయార్క్, కాలిఫోర్నియా అక్కర్లేదు. జార్జియా రాష్ట్రం చాలు. ఎందుకంటే అది కొంచెం మన జిల్లాలాగే ఉంటుంది.

అమెరికాలో పండే వేరుశనగలో దాదాపు సగం జార్జియాదే. మన జిల్లాకు శెనక్కాయ ఎలాగో దక్షిణ జార్జియాకు అది అలాగ. కాకపోతే వాళ్లకు వాన మనకన్నా రెట్టింపు పైనే పడుతుంది. మనకు ఏడాది సగటు 552 మిల్లీమీటర్లు, అదీ సగటు మాత్రమే. రెండో పోలిక కియా. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ పెడతామని 2017లో ఒప్పందం కుదిరింది. 2019 నుంచి కార్లు బయటికొస్తున్నాయి, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. అదే కియా అంతకు పదేళ్ల ముందే, 2009లో, జార్జియాలోని వెస్ట్ పాయింట్ అనే చిన్న ఊళ్లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అది ఒకప్పుడు బట్టల మిల్లుల ఊరు. మిల్లులు మూతపడ్డాయి, పనులు పోయాయి. అక్కడి ప్రభుత్వం భారీ రాయితీలిచ్చి కొరియా కంపెనీని తెచ్చుకుంది. మన దగ్గర కూడా గొల్లపల్లి రిజర్వాయర్ నీళ్లు చూపించి, భూములిచ్చి, రాయితీలిచ్చే కదా తెచ్చుకున్నాం.

ఇప్పుడు ఆ వెస్ట్ పాయింట్‌లో మీ వయసు కుర్రాడొకడు ఉన్నాడనుకోండి. డిగ్రీ ఉందో లేదో. తాత మిల్లులో చేశాడు, నాన్నకు మిల్లు మూతపడింది, వీడికి ఫ్యాక్టరీలో పని కావాలి. ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని వాడు ఏం అడుగుతాడు? ‘ఇక్కడికొచ్చిన ఉద్యోగం నాకిస్తావా, బయటివాడికిస్తావా?’ అంతే. అనంతపురం పిల్లాడికి హెచ్-1బీ వస్తుందా రాదా అన్నది వాడి బుర్రలోకే రాదు. మనల్ని వాడు ద్వేషిస్తున్నాడని కాదు. పక్క తాలూకా పిల్లాడికి ఉద్యోగం వచ్చిందా లేదా అని మనం మాత్రం ఎప్పుడు ఆలోచించాం?

ఆ రాష్ట్రంలో ఓటు ఎంత బలమైనదో చూడండి. 2020లో జార్జియాలో దాదాపు యాభై లక్షల ఓట్లు పోలయ్యాయి. బైడెన్ గెలిచింది 11,779 ఓట్ల తేడాతో. ఆ తేడాను దాటేందుకు ఓట్లు వెతికిపెట్టమని ట్రంప్ ఆ రాష్ట్ర ఎన్నికల ఉన్నతాధికారికి ఫోన్ చేసిన సంగతి ప్రపంచమంతా విన్నది. 2024లో అదే రాష్ట్రం ట్రంప్ వైపు తిరిగింది. గట్టి పోటీ ఉన్న ఏడు రాష్ట్రాలూ ఆయనకే వచ్చాయి. ఇలాంటి చోట్ల నాలుగు ఓట్లు అటూ ఇటూ మార్చగల మనిషికి ఏది నచ్చుతుందో అభ్యర్థి అదే మాట్లాడతాడు. గెలిచాక అదే చేసి చూపించాల్సి వస్తుంది.

2025 సెప్టెంబరు 4న జార్జియాలోనే, ఎల్లాబెల్ దగ్గర కడుతున్న హ్యుందాయ్-ఎల్జీ బ్యాటరీ ఫ్యాక్టరీ మీద అక్కడి ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేసి 475 మందిని పట్టుకున్నారు. అందులో మూడొందల మందికి పైగా కొరియా వాళ్లే. కియా, హ్యుందాయ్ ఒకే గ్రూపువి. కోట్లు పెట్టుబడి పెట్టడానికి వచ్చిన కంపెనీ మనుషులకే సంకెళ్లు వేయడమేంటని కొరియాలో గగ్గోలు పుట్టింది. కానీ స్థానికుల ఉద్యోగాలు స్థానికులకే అని ఓటేసినవాడికి ఆ దృశ్యం ఎలా కనబడి ఉంటుందో ఊహించండి.

ఇక్కడ మీకు కొంచెం ఇబ్బంది కలిగించే సంగతి ఒకటి గుర్తు చేయాలి. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019 జులైలో మన రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. అప్పుడు మన జిల్లాలో దాన్ని తప్పని అన్న నిరుద్యోగి నాకు తారసపడలేదు. కియాలో తమిళనాడు వాళ్లకే ఎక్కువ పనులు ఇస్తున్నారని చెట్టు కింద కూర్చుని తిట్టుకున్న రోజులవి. ఐదేళ్లు తిరిగాయి. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు కంపెనీల్లో మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో సగం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకే అని బిల్లుకు ఒప్పుకుంది. స్థానికుడంటే అక్కడ పుట్టి, పదిహేనేళ్లు ఉండి, కన్నడ మాట్లాడటం, చదవడం, రాయడం వచ్చినవాడు. అనంతపురం నుంచి బెంగళూరు నాలుగు గంటల దారి. మన పిల్లల సగం బతుకు అక్కడే. గుండె జారిపోయింది. కంపెనీలు గొడవ చేస్తే రెండు మూడు రోజుల్లోనే బిల్లును పక్కన పెట్టారు కాబట్టి సరిపోయింది.

పెనుకొండలో న్యాయం అనిపించింది బెంగళూరులో అన్యాయం అయింది. అమెరికా చేస్తే దుర్మార్గమైంది. మూడుచోట్లా అడిగేవాడు ఒక్కడే: తన ఊళ్లో పని కావాలనుకునే సామాన్యుడు. ఈ చట్టాలు మంచివా చెడ్డవా అన్న వాదన వేరే పెట్టుకోవచ్చు. నా మటుకు నాకు మూడూ పొట్టచూపు చట్టాలే అనిపిస్తాయి. కంపెనీకి కావాల్సిన పని నేర్పకుండా కోటా పెడితే పిల్లలకు దక్కేది గేటు దగ్గరి సెక్యూరిటీ ఉద్యోగమే. కానీ ఒకచోట చప్పట్లు కొట్టి ఇంకోచోట శాపనార్థాలు పెడితే మాత్రం అది వాదన అనిపించుకోదు.

ఇక ‘మనోడు’ సంగతి. 2024 ఎన్నికల ముందు తమిళనాడులో కమలా హ్యారిస్ తాతగారి ఊరు తులసేంద్రపురంలో పూజలు చేశారు. ఇటు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ఉషా చిలుకూరి భర్త జేడీ వాన్స్ గెలవాలని మొక్కుకున్నారు. గెలిచాక ‘ఆంధ్రా అల్లుడు అమెరికా ఉపాధ్యక్షుడు’ అని మన టీవీలు ఊదరగొట్టాయి. ఆ ఊళ్లవాళ్ల సంతోషాన్ని తప్పుపట్టను. అల్లుడు పెద్ద కుర్చీ ఎక్కితే అత్తగారి ఊళ్లో టపాసులు కాల్చరా ఏంటి? కానీ ఉద్యోగం వెతుక్కునే మీరు కూడా అదే లెక్క వేసుకుంటే చిక్కు. అల్లుడుగారు పదవిలో ఉండగానే, 2025 సెప్టెంబరు 19న, కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. మన డబ్బుల్లో దాదాపు 88 లక్షలు. చుట్టరికం ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.

‘మనోడు’ లెక్క అమెరికా వాళ్లకూ ఉంది. దానికి మనకు దగ్గరగా తోచే ఉదాహరణ జిమ్మీ కార్టర్. జార్జియాలో ప్లెయిన్స్ అనే పల్లెటూరు ఆయనది. నేవీలో జలాంతర్గాముల మీద పనిచేసిన ఇంజినీరు. 1953లో నాన్న చనిపోతే ఉద్యోగం వదిలి వేరుశనగ సేద్యానికి ఇంటికొచ్చేశాడు. వానలు లేక మొదట్లోనే పంట దెబ్బతింది, అప్పులు చేశాడు. మన కల్యాణదుర్గం రైతు కథ చెబుతున్నట్టు లేదూ? 1976లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తుంటే ‘జిమ్మీ ఎవరు’ అని పత్రికలు ఎగతాళి చేశాయి. ఆయన ఐయోవా రాష్ట్రంలో ఇల్లిల్లూ తిరిగి, నలుగురైదుగురు కూర్చున్న వసారాల్లో ప్రశ్నలకు జవాబులు చెప్పి పైకొచ్చాడు. ఐయోవాలో ఓటర్లు బడిలోనో చర్చిలోనో రాత్రిపూట చేరి, ఇరుగుపొరుగుతో ముఖాముఖి వాదించుకుని మరీ తమ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి ఉండేది. నీ మనిషిని ఎందుకు బలపరుస్తున్నావో పక్కింటాయనకు చెప్పుకోవాల్సి వచ్చేది, అదీ మైకు లేకుండా. మన రచ్చబండ మీద జరగాల్సింది ఇదే అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అలా గెలిచిన కార్టర్ 1978 జనవరి 1న ఢిల్లీలో దిగినప్పుడు ఎదురెళ్లి స్వాగతం పలికిన రాష్ట్రపతి ఎవరో తెలుసా? మన గార్లదిన్నె మండలం ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదువు మధ్యలో మానేసి స్వాతంత్య్ర పోరాటంలోకి వెళ్లినాయన. శెనక్కాయ పండే రెండు ఊళ్ల మనుషులు రెండు దేశాల తరఫున చేయి కలిపారన్నమాట. గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, బిట్ వచ్చినా రావచ్చు.

మరి రైతు అధ్యక్షుడైతే రైతులు బాగుపడ్డారా? 1980 జనవరిలో అఫ్గానిస్తాన్ మీదికి సోవియట్ సైన్యం వెళ్లినందుకు కార్టర్ ఆ దేశానికి ధాన్యం అమ్మకాలు ఆపేశాడు. దెబ్బ తగిలింది అమెరికా రైతులకు. ఆ నవంబరులో రీగన్ చేతిలో చిత్తుగా ఓడిపోయాడు, 489కి 49. సొంత రాష్ట్రం జార్జియా మాత్రం అప్పుడు కూడా ఆయన్ను వదల్లేదు. చూశారా, ‘మనోడు’ అన్న మాటకు అక్కడా బలముంది. కానీ కుర్చీలో కూర్చున్నాక మనిషి చేసేది ఆ కుర్చీకున్న అధికారాలను, ఒత్తిళ్లను బట్టి ఉంటుంది. పుట్టిన ఊరిని బట్టి ఉండదు.

అందుకే అభ్యర్థుల ముఖాల గురించి కాస్త తక్కువ, కుర్చీ అధికారాల గురించి కాస్త ఎక్కువ వాదించమంటాను. మీ భవిష్యత్తుకు తగిలే సంగతులనే తీసుకుందాం. ఏడాదికి 65 వేల హెచ్-1బీలు, అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20 వేలు అన్న పరిమితి అధ్యక్షుడు పెట్టింది కాదు. అది అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్ చేసిన చట్టం. 2000 తర్వాత కొన్నేళ్లు దాన్ని 1,95,000కు పెంచింది కూడా కాంగ్రెసే. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అన్న హద్దూ చట్టంలోనే ఉంది. దాన్ని ఎత్తేసే బిల్లును 2019లో సెనెటర్‌గా కమలా హ్యారిస్ బలపరిచారు. ప్రతినిధుల సభ ఆమోదించింది, సెనెట్ మార్పులతో ఆమోదించింది, రెండూ కలిసి ఒక్క మాట మీదికి రాక బిల్లు చట్టం కాలేదు. కాబట్టి ‘కమల వచ్చుంటే గ్రీన్‌కార్డులు వచ్చేసేవి’ అన్నవాళ్లు ఆమె ఒక్కతే అది చేయగలదా అన్న ప్రశ్న వేసుకోలేదు.

చదువయ్యాక అక్కడ పనిచేసుకునే ఓపీటీ కథ ఇంకోలా ఉంటుంది. మామూలుగా 12 నెలలు. సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకు అదనంగా ఇప్పుడు 24 నెలలు. ఈ అదనం 2008లో బుష్ కాలంలో 17 నెలలుగా మొదలై, 2016లో ఒబామా కాలంలో 24 అయింది. ఇది చట్టం కాదు, ప్రభుత్వ శాఖ రాసుకున్న నిబంధన. నిబంధనగా వచ్చింది నిబంధనగానే పోవచ్చు. మీరు అప్పు లెక్క వేసుకునేటప్పుడు ‘మూడేళ్లు ఓపీటీ ఉంటుంది, ఆ జీతంతో తీర్చేస్తా’ అని నాన్నకు చెబుతున్నారు చూడండి, ఆ మాట ఎంత పలచటి నేల మీద నిలబడిందో ఇప్పుడు తెలుస్తుంది.

అభ్యర్థి మాటలకూ అంతే. 2024 జూన్‌లో ఒక పాడ్‌కాస్ట్‌లో ట్రంప్, అమెరికా కాలేజీల్లో డిగ్రీ తీసుకున్న విదేశీ విద్యార్థులకు పట్టాతో పాటే గ్రీన్‌కార్డు ఇవ్వాలన్నారు. మన కన్సల్టెన్సీల వాట్సాప్ స్టేటస్‌లన్నీ ఆ వీడియోతో నిండిపోయాయి. ఆ తర్వాత ఆయన ప్రచార బృందం బాగా వడపోసి కొద్దిమందికే అని సర్దిచెప్పింది. అది స్టేటస్‌లలోకి రాలేదు. గెలిచాక డిసెంబరులో ట్రంప్ మనుషుల మధ్యే హెచ్-1బీ మీద కొట్లాట మొదలైంది. మస్క్, వివేక్ రామస్వామి ఒకవైపు, వీసాలే వద్దనే పాత అనుచరులు ఇంకోవైపు. నాకు ఆ వీసా అంటే ఇష్టమే అని ట్రంప్ అన్నారు. తొమ్మిది నెలలు తిరగకుండానే లక్ష డాలర్ల ఉత్తర్వు. మాట మార్చాడని తిట్టుకోవచ్చు. కానీ ఓట్లేసింది పాడ్‌కాస్ట్ నడిపిన పెట్టుబడిదారులా, వెస్ట్ పాయింట్ లాంటి ఊళ్ల జనమా అని లెక్క చూసుకున్నవాడికి పెద్ద ఆశ్చర్యం కలగలేదు. పైగా ఇది మొదటిసారేం కాదు. 2020 జూన్‌లోనే కరోనా పేరుతో ఆయన కొత్త హెచ్-1బీల రాకను ఆపేశారు.

భయం కూడా అలాగే గుడ్డిగా పాకింది. లక్ష డాలర్ల వార్త రాగానే అక్కడ చదువుతున్న పిల్లలకు ఇళ్ల నుంచి ఏడుపు ఫోన్లు వెళ్లాయి. అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి హెచ్-1బీకి మారేవారికి ఆ రుసుము వర్తించదని అక్టోబరులో అక్కడి ఇమిగ్రేషన్ విభాగం స్పష్టం చేసింది. ఈ వివరణ ఎంతమందికి చేరింది? ఉత్తర్వు పాఠం ఇంగ్లిష్‌లో, అందరికీ కనిపించే చోటే ఉంది. ఎవరూ చదవలేదు. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివినవాళ్లు మూడు పేజీల కాగితం తెరిచి చూసుకోకుండా రీల్స్ చూసి ఇంటిల్లిపాదినీ హడలగొట్టారు. ఈ మాట కొంచెం కటువుగా ఉన్నా అనక తప్పదు.

మంచి ప్రశ్న ఎలా ఉంటుందో చూపించిన ఓటరు ఒకావిడ ఉన్నారు. 1992 అక్టోబరు 15, వర్జీనియాలోని రిచ్‌మండ్. బుష్ సీనియర్, క్లింటన్, రాస్ పెరో ముగ్గురూ వేదిక మీద. విలేకరులకు బదులు రెండొందల మందికి పైగా మామూలు ఓటర్లే ప్రశ్నలు వేసే చర్చ అది. ఒక యువతి లేచి, జాతీయ అప్పు మీ ముగ్గురి సొంత జీవితాల మీద ఎలా ప్రభావం చూపింది, చూపకపోతే మా కష్టాలకు మీరు పరిష్కారం ఎలా కనుక్కుంటారు అని అడిగింది. ఆమె అడుగుతున్నప్పుడే బుష్ చేతి గడియారం చూసుకున్నాడు. జవాబులో వడ్డీ రేట్ల గురించి ఏదో చెప్పి, ప్రశ్న అర్థం కాలేదన్నాడు. క్లింటన్ లేచి ఆమె దగ్గరికి నడిచి, మీకు తెలిసినవాళ్లలో ఎవరికి ఉద్యోగాలు పోయాయో చెప్పమని ముందు ఆమెనే అడిగాడు. గమనించండి, ఆమె నిజానికి మాటల్లో పొరపాటు పడింది. మాంద్యం అనాల్సిన చోట అప్పు అంది. అయినా ప్రశ్న చురుగ్గా తగిలింది, ఎందుకంటే అది తన బతుకులోంచి వచ్చింది. ఆ ఎన్నికల్లో బుష్ ఓడిపోయాడు.

క్యాంపస్ గ్రూప్ డిస్కషన్లలో అమెరికా ఎన్నికలు తరచూ వచ్చే టాపిక్. ట్రంప్ మంచివాడా చెడ్డవాడా అని గొంతు చించుకునే పదిమందిలో ఒక్కరు ‘ఈ నిర్ణయం అధ్యక్షుడి చేతిలో ఉందా, కాంగ్రెస్ చేతిలో ఉందా’ అని నెమ్మదిగా అడిగితే ప్యానెల్ తల అటు తిరుగుతుంది. ఇంగ్లిష్ తడబడినా పర్లేదు. రిచ్‌మండ్ యువతికి మాట తడబడింది కదా.

ఇప్పుడు ఇంటికొద్దాం. 2024 మే 13న మన ఎన్నికలు జరిగాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా మడకశిరలో గెలిచిన తేడా ఎంత? 351 ఓట్లు. ఇంజినీరింగ్ కాలేజీలో ఒక బ్రాంచి పిల్లలంత. జార్జియాలో 11,779 అని గడగడా చెప్పేవాళ్లలో ఎంతమందికి ఈ 351 తెలుసు? ఆ నియోజకవర్గం కుర్రాళ్లు ఎందరో బెంగళూరులో పీజీ హాస్టళ్లలో ఉంటారు. మధుగిరి మీదుగా బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి చేరుకునే దూరమే. వచ్చినవాళ్లు వచ్చారు, సెలవు దొరకక కొందరు, బద్ధకంతో కొందరు రాలేదు. వచ్చిన వాళ్లలోనైనా అభ్యర్థిది ఏ కులం, ఏ వర్గం, ఎంత పంచుతున్నాడు అన్న మాటలు దాటి, హంద్రీ-నీవా నీళ్లు చెరువుకు ఎప్పుడొస్తాయి, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడుకు మాస్టారు ఉన్నాడా అని అడిగినవాళ్లు ఎందరు? ఐయోవా రైతు తన ఊరికొచ్చిన అభ్యర్థిని మొక్కజొన్న ధర గురించి నిలదీస్తాడు. మన దగ్గర అభ్యర్థి వస్తే సెల్ఫీ.

పట్టభద్రులకు ప్రత్యేకంగా ఒక ఓటు ఉందని చాలామందికి తెలియదు, తెలిసినా పట్టదు. కడప, అనంతపురం, కర్నూలు ఉమ్మడి జిల్లాలను కలిపి పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానం ఉంది. 2023 మార్చిలో జరిగిన ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి గెలిచారు, అదీ రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపు దాకా వెళ్లి. పదవీకాలం ఆరేళ్లు కాబట్టి మళ్లీ 2029లో వస్తుంది. అక్కడ బటన్ నొక్కడం ఉండదు. కాగితం మీద అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి, అదీ పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన పెన్నుతోనే. టిక్ పెట్టినా, సంతకం చేసినా ఓటు చెల్లదు. అందరూ డిగ్రీలున్నవాళ్లే ఓటేసే ఈ ఎన్నికల్లో వేల ఓట్లు చెల్లకుండా పోవడం తెలుగు రాష్ట్రాల్లో ప్రతిసారీ చూస్తున్నదే. ఎలక్టోరల్ కాలేజీ లెక్కలు నోటికొచ్చిన మనకు మన బ్యాలెట్ పట్టుకోవడం రాలేదంటే నవ్వాలో ఏడవాలో.

ఆ ఎమ్మెల్సీ ఏం చేయగలడు? మండలిలో ప్రశ్న వేయగలడు. గ్రూప్స్ నోటిఫికేషన్ ఎందుకు ఆలస్యమైంది, ఎస్కేయూలో ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు ఎప్పుడు నింపుతారు, ఎంఎస్ కోసం తీసుకునే అప్పుల మీద కన్సల్టెన్సీల ప్రకటనలను ఎవరు తనిఖీ చేస్తున్నారు అని రాతపూర్వకంగా అడిగి జవాబు రాబట్టగలడు. బడ్జెట్ కేటాయించలేడు, ఉద్యోగం ఇప్పించలేడు. ఓటడగడానికి వచ్చి ఉద్యోగాలిప్పిస్తానన్నాడంటే తన కుర్చీ అధికారం తనకే తెలియదని అర్థం. గత ఆరేళ్లలో ఎన్ని ప్రశ్నలు వేశావు, నిరుద్యోగుల మీద ఎన్ని అని ఒక్కరు అడిగినా సభలో సందడి తగ్గుతుంది.

మామూలు ఓటుకు ఇప్పుడు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు. పదిహేడు నిండితే ముందుగానే ఫారం 6 ఇచ్చి ఉంచొచ్చు. పట్టభద్రుల ఓటుకు ఫారం 18. డిగ్రీ వచ్చి మూడేళ్లు నిండి ఉండాలి, ఆ మూడు జిల్లాల పరిధిలో నివాసం ఉండాలి, పట్టా నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయించి పెట్టుకోవాలి. జాబితాను ప్రతి ఎన్నికకూ మొదటి నుంచీ కొత్తగా తయారు చేస్తారు. 2023లో ఓటేసిన మీ అన్న పేరు కూడా దానంతట అది రాదు. ఆయనా మళ్లీ నింపాల్సిందే.